దేశాల వృద్ధాప్యాన్ని పోల్చడం ఎలా: శాతం దగ్గర ఆగకుండా, పుట్టిన సంవత్సరం దాకా

2024లో చైనాలో వృద్ధుల వాటా ఎంత పెరిగింది? 60 ఏళ్లు దాటినవారిని లెక్కిస్తే ఒక్క ఏడాదిలో 0.9 శాతం పాయింట్లు. 65 దాటినవారిని లెక్కిస్తే 0.2 మాత్రమే. రెండూ ఆ దేశ జాతీయ గణాంక సంస్థ అంకెలే, రెండూ నిజాలే. మొదటిది చూసిన వ్యాసకర్త చైనా పరుగున ముసలిదవుతోందని రాస్తాడు. రెండోది చూసినవాడు వేగం తగ్గిందంటాడు. ఇద్దరూ చేయని పని ఒకటుంది. ఆ సంవత్సరం 60 నిండినవాళ్లు, 65 నిండినవాళ్లు ఏ ఏడాది పుట్టారో చూడలేదు.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క అలవాటు చుట్టూ తిరుగుతుంది. వృద్ధుల శాతం కనబడగానే అరవై, అరవై అయిదేళ్లు వెనక్కి వెళ్లి అప్పటి జననాలు చూడాలి. అశోక్ నగర్‌లో గ్రూప్స్‌కు చదువుతున్నవారికి, ఉస్మానియాలో ఎంఏ ప్రాజెక్టు చేస్తున్నవారికి, పత్రికా డెస్కులో గ్రాఫ్ వేయాల్సినవారికి ఇది పనికొస్తుంది. ఒక ల్యాప్‌టాప్, ఎక్సెల్ లేదా లిబ్రేఆఫీస్ కాల్క్ ఉంటే చాలు. డేటా అంతా ఉచితమే.

ముందు ప్రశ్న తేల్చుకోండి

"ఏ దేశం ఎక్కువ ముసలిది" అన్నది ఒక ప్రశ్న. "ఏది వేగంగా ముసలిదవుతోంది" అన్నది ఇంకొకటి. "పని చేసే వయసువారి మీద ఎంత భారం పడుతోంది" అన్నది మూడోది. వీటికి వాడే కొలతలు వేరు, వచ్చే జవాబులూ వేరు. చాలా ప్రాజెక్టులు ఇక్కడే దారి తప్పుతాయి. మొదటి ప్రశ్నకు తెచ్చిన డేటాతో మూడో ప్రశ్నకు జవాబు రాసేస్తారు.

స్థాయికి 65 దాటినవారి వాటా, మధ్యగత వయసు సరిపోతాయి. జనాభాలో సగం మంది ఏ వయసుకు కింద, సగం మంది ఏ వయసుకు పైన ఉన్నారో చెప్పేది మధ్యగత వయసు. భారత్‌ది 28-29 ఏళ్లు, జపాన్‌ది 49 దాటింది. వృద్ధుల వాటా మీద ఏ వయసును వృద్ధాప్యంగా తీసుకున్నామన్న ప్రభావం ఉంటుంది, మధ్యగత వయసు మీద ఉండదు. అందుకే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టడం మంచిది.

వేగానికి రెండు తేదీలు కావాలి. 65 దాటినవారి వాటా 7 శాతం చేరిన ఏడాది ఒకటి, 14 శాతం చేరిన ఏడాది ఇంకొకటి. మధ్య దూరమే వేగం. దీని గురించి కింద వివరంగా ఉంది.

భారానికి వృద్ధాప్య ఆధారిత నిష్పత్తి వాడతారు. అంటే పని వయసున్న ప్రతి 100 మందికి 65 దాటినవారు ఎందరన్నది. చిక్కంతా పని వయసు అంటే ఏమిటన్న దగ్గరే. ప్రపంచ బ్యాంకు 15-64 తీసుకుంటుంది, సంపన్న దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ 20-64 తీసుకుంటుంది. ఊహకు ఒక దేశం తీసుకోండి. 65 దాటినవారు 120 లక్షలు, 15-64 మధ్య 600 లక్షలు, 20-64 మధ్య 520 లక్షలు అనుకుందాం. మొదటి పద్ధతిలో నిష్పత్తి 20, రెండో పద్ధతిలో 23.1. దేశం అదే, ఏడాది అదే, మూడు పాయింట్ల తేడా వచ్చేసింది. ఒక దేశపు అంకె ప్రపంచ బ్యాంకు నుంచి, ఇంకో దేశపు అంకె ఓఈసీడీ నుంచి తెచ్చి పక్కపక్కన పెడితే ఆ పోలిక చెల్లదు.

60 గీతా, 65 గీతా

మన దేశంలో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ప్రకారం 60 నిండినవారు వయోవృద్ధులు. చైనా అధికారిక ప్రకటనల్లో 60, 65 రెండూ కనబడతాయి. జపాన్, దక్షిణ కొరియా 65 వాడతాయి. 2011 జనగణన ప్రకారం భారత్‌లో 60 దాటినవారు 8.6 శాతం, 65 దాటినవారు 5.5 శాతం. మూడు శాతం పాయింట్లకు పైగా తేడా ఇది. భారత్ 8.6ను జపాన్ 65 ప్లస్ అంకె పక్కన పెట్టిన పట్టికలు పోటీ పరీక్షల నోట్సుల్లో తరచూ కనబడతాయి. మీ పట్టిక శీర్షికలో వయసు గీత రాయనిదే ముందుకు వెళ్లవద్దు.

అంతర్జాతీయ పోలికకైతే 65 మంచిది. ఎక్కువ దేశాల పాత లెక్కలు ఆ గీత మీదే ఉన్నాయి. మన రాష్ట్రాలను మాత్రమే పోల్చేటప్పుడు 60 వాడండి. మన పథకాలు, నివేదికలు దాని మీదే నడుస్తాయి.

డేటా ఎక్కడ, ఎలా

పునాది ఒక్కటే: ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం రెండేళ్లకోసారి విడుదల చేసే వరల్డ్ పాపులేషన్ ప్రాస్పెక్ట్స్. 2024 జూలైలో వచ్చిన సంచికలో 237 దేశాలు, ప్రాంతాలకు 1950 నుంచి 2023 దాకా మదింపులు, 2024 నుంచి 2100 దాకా ముందస్తు అంచనాలు ఉన్నాయి. ప్రపంచ బ్యాంకు పట్టికల్లోనూ, అవర్ వరల్డ్ ఇన్ డేటా గ్రాఫుల్లోనూ వయసు వారీ జనాభాకు మూలం చాలావరకు ఇదే. కాబట్టి ఈ మూడు చోట్లా ఒకే అంకె వచ్చిందని "మూడు ఆధారాలు సరిపోయాయి" అనుకోకండి. చూసింది ఒకే ఆధారాన్ని మూడుసార్లు.

స్వతంత్రంగా సరిచూడాలంటే ఆయా దేశాల జనగణన పట్టికలే చూడాలి. భారత్‌కైతే 2011 జనగణన సి-13 పట్టికలో ఒక్కో ఏడాది వయసు వారీగా, సి-14లో అయిదేళ్ల వయసు గుంపుల వారీగా జనాభా ఉంటుంది. మరణాలు, ఆయుర్దాయం లోతుగా కావాలంటే హ్యూమన్ మోర్టాలిటీ డేటాబేస్ ఉంది. స్వీడన్‌కు 1751 నుంచి లెక్కలు దొరుకుతాయి. భారత్ అందులో లేదు. మనకు జనన మరణాల నమూనా సర్వే అయిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టం జీవిత పట్టికలే (ఏ వయసువారు సగటున ఇంకా ఎన్నేళ్లు బతుకుతారో చెప్పేవి) దిక్కు.

ఐక్యరాజ్యసమితి సైటులో ఎక్సెల్, సీఎస్‌వీ రెండూ ఉంటాయి. ఒక్కో ఏడాది వయసు సీఎస్‌వీలో ఒక దేశం, ఒక ఏడాది, ఒక వయసుకు ఒక వరుస చొప్పున ఉంటుంది. 237 దేశాలు, 74 సంవత్సరాలు, 101 వయసులు: గుణిస్తే 17 లక్షల వరుసలు దాటుతాయి. ఎక్సెల్ పట్టుకునేది 10,48,576 వరుసలే. మిగతావి రాలిపోతాయి. వచ్చే హెచ్చరికను చాలామంది చదవకుండా మూసేస్తారు. ఫలితంగా అక్షర క్రమంలోనో, కోడ్ క్రమంలోనో చివరి దేశాలు మాయమవుతాయి. వయసులు అడ్డంగా నిలువు వరుసల్లో ఉండే ఎక్సెల్ ఫైలు తీసుకుంటే ఈ బాధ లేదు. అయిదేళ్ల గుంపుల ఫైలైనా సరిపోతుంది. ఆర్, పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ భాషలు వచ్చినవారు మాత్రం సీఎస్‌వీయే తీసుకోండి.

ఫైలు తెరిచాక వరుసగా చేయాల్సినవి: పైనున్న వివరణ వరుసలు తీసేసి, నిలువు వరుసల పేర్లున్న వరుసను మొదటికి తేవాలి. మదింపుల షీటు, మధ్యస్థ అంచనా (ఎక్కువ, తక్కువ సంతాన అంచనాలకు మధ్యది) షీటు విడివిడిగా ఉంటాయి. రెంటినీ కలిపేటప్పుడు ఏ వరుస దేనిదో చెప్పే కొత్త నిలువు వరుస ఒకటి పెట్టుకోండి, గ్రాఫ్ దగ్గర అది అక్కరకొస్తుంది. అంకెలన్నీ వేలల్లో ఉంటాయి. భారత్ జనాభా 14 లక్షల చిల్లర అని కనబడితే కంగారు పడొద్దు, అది 14 లక్షల వేలు, అంటే 140 కోట్ల పైచిలుకు.

దేశాలను పేరుతో కాకుండా సంఖ్యా కోడ్‌తో పట్టుకోండి. భారత్ 356, చైనా 156, జపాన్ 392, దక్షిణ కొరియా 410, ఫ్రాన్స్ 250, అమెరికా 840. పేర్లు సంచికకూ సంచికకూ మారతాయి, ఈ కోడ్‌లు దాదాపు మారవు. అదే ఫైల్లో ప్రపంచం మొత్తం, ఖండాలు, ఆదాయ గుంపులు కూడా వరుసలుగా ఉంటాయి. ప్రపంచం కోడ్ 900. వీటిని వడకట్టకుండా మొత్తం కూడితే ఒకే మనిషిని నాలుగైదు సార్లు లెక్కపెట్టినట్టవుతుంది. చైనా వరుసలో హాంకాంగ్, మకావూ, తైవాన్ ఉండవు, అవి వేరు వరుసలు.

ఆఖరున రెండు సరిచూపులు. వయసులన్నీ కూడితే మొత్తం జనాభాకు సరిపోవాలి. 2011 భారత్‌కు మీరు లెక్కించిన 65 ప్లస్ వాటా జనగణన చెప్పిన 5.5 శాతానికి దగ్గరగా రావాలి. అచ్చంగా అంతే రాకపోవడం సహజం. ఐక్యరాజ్యసమితి జనగణన అంకెలను సర్దుబాటు చేశాకే వాడుతుంది. దూరంగా వస్తే మాత్రం ఫార్ములాలో ఏదో నిలువు వరుస జరిగిందని అర్థం.

తేదీల సంగతి

ఐక్యరాజ్యసమితి లెక్క జూలై 1 నాటిది. మన 2011 జనగణన మార్చి 1 నాటిది. జపాన్ జనగణన అక్టోబర్ 1 నాటిది. చైనా జనగణన నవంబర్ 1 నాటిది, కానీ ఏటా ఇచ్చే అంకెలు డిసెంబర్ చివరివి. దక్షిణ కొరియా విషయంలో 14 శాతం దాటింది 2017లో అనీ, 2018లో అనీ రెండూ చదువుతాం. లెక్కలు వేర్వేరు పద్ధతులవి కావడమే కారణం. దశాబ్దాల పోలికలో ఆరు నెలల తేడా ఏమంత లెక్కలోది కాదు. ఒక్క ఏడాది పెరుగుదల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం మూలం, తేదీ మారకుండా చూసుకోవాలి.

అందరికీ ఒకే క్యాలెండర్ వద్దు

2024లో జపాన్ 29.3 శాతం, భారత్ 7 శాతం దగ్గర. ఇది స్థాయి చెబుతుంది తప్ప దారి చెప్పదు. దారి తెలియాలంటే గ్రాఫ్‌లో అడ్డం గీత మీద సంవత్సరాలు తీసేసి, "7 శాతం చేరాక ఎన్నేళ్లు" అని పెట్టండి. ప్రతి దేశానికీ తన సున్నా తనదే. అప్పుడు ఫ్రాన్స్ 1865 నుంచి, జపాన్ 1970 నుంచి, కొరియా, చైనా 2000 ప్రాంతం నుంచి, భారత్ 2023 ప్రాంతం నుంచి ఒకే గీత దగ్గర బయలుదేరతాయి.

7 నుంచి 14కు ఫ్రాన్స్‌కు 115 ఏళ్లు పట్టింది. జపాన్‌కు 24 ఏళ్లు. కొరియాకు 17-18. ఐక్యరాజ్యసమితి మధ్యస్థ అంచనా నిజమైతే భారత్‌కు రమారమి పాతికేళ్లు. అంటే మనం ఫ్రాన్స్ దారిలో లేము, జపాన్ దారిలో ఉన్నాం. జపాన్ 1970లో మనకంటే ఎంతో సంపన్న దేశమన్నది ఇక్కడ మరవకూడదు. ఆదాయాన్ని కూడా అదే గ్రాఫ్ కింద వేయాలనుకుంటే ఒక జాగ్రత్త. ప్రపంచ బ్యాంకు కొనుగోలు శక్తి లెక్కల తలసరి ఆదాయం 1990 నుంచే ఉంది. జపాన్ 1970కి అది దొరకదు. అంత వెనక్కి వెళ్లాలంటే మాడిసన్ ప్రాజెక్ట్ డేటాబేస్ వాడి, అన్ని దేశాలకూ అదే వాడాలి.

ఏటా డేటా లేనప్పుడు, రెండు జనగణనల మధ్య గీత దాటిన ఏడాదిని ఇలా పట్టాలి. మొదటి జనగణన వాటాను కావలసిన వాటా నుంచి తీసేసి, ఏడాదికి సగటు పెరుగుదలతో భాగించాలి. చైనానే చూద్దాం. జనగణనల ప్రకారం 65 ప్లస్ వాటా 2000లో 6.96, 2010లో 8.87, 2020లో 13.5. మొదటి పదేళ్లలో ఏడాదికి 0.191 పెరిగింది. 7కు కావలసింది 0.04. భాగిస్తే 0.2 ఏడాది. 2000 నవంబర్ నుంచి రెండున్నర నెలలు, అంటే 2001 మొదట్లో 7 దాటింది. రెండో పదేళ్లలో ఏడాదికి 0.463. 2020 నవంబర్ తర్వాత ఇంకా 0.5 కావాలి, అంటే సుమారు 13 నెలలు. లెక్క 2021 చివరికి వస్తుంది. ఆ ఏడాది చివరికి చైనా ప్రకటించిన అంకె 14.2. మన లెక్క కొద్దిగా ఆలస్యంగా పట్టుకుంది. చివరి ఏళ్లలో పెరుగుదల సగటు కంటే వేగంగా ఉండటమే దానికి కారణం. ఏమైనా 7 నుంచి 14కు చైనాకు సుమారు 21 ఏళ్లు పట్టిందన్న జవాబు దీనితో మారదు. ఈ పద్ధతి జనగణనల మధ్య బాగా పనిచేస్తుంది, చివరి జనగణన దాటి ముందుకు లాగితే ఏడాది రెండేళ్లకు మించి నమ్మవద్దు.

ఇప్పుడు పుట్టిన సంవత్సరానికి

మొదట్లో చెప్పిన చైనా అంకెలు పూర్తిగా ఇవి. 60 దాటినవారి వాటా 2020లో 18.7, 2021లో 18.9, 2022లో 19.8, 2023లో 21.1, 2024లో 22.0. 65 దాటినవారి వాటా 2021లో 14.2, 2022లో 14.9, 2023లో 15.4, 2024లో 15.6. ఏటేటా తేడాలు తీయండి. 60 ప్లస్‌లో 0.2, 0.9, 1.3, 0.9. 65 ప్లస్‌లో 0.7, 0.5, 0.2. ఒకటి ఎగబాకుతుంటే ఇంకొకటి చల్లబడుతోంది.

1959-61 మధ్య చైనాలో ఘోరమైన కరువు వచ్చింది, జననాలు పడిపోయాయి. 1962 నుంచి పుంజుకుని 1963లో విపరీతంగా పెరిగాయి. కరువు ఏళ్లలో పుట్టిన కొద్దిమంది 2019-21లో 60కి చేరారు, అందుకే 2021లో 0.2. 1962-63లో పుట్టిన పెద్ద తరం 2022-23లో 60 దాటింది, అందుకే 1.3. ఇప్పుడు కరువు పిల్లలు 65 గీత మీద ఉన్నారు, 2024 నుంచి 2026 దాకా. 2027-28లో 65 ప్లస్ అంకె మళ్లీ ఎగురుతుంది. అప్పుడు ఎవరైనా "చైనాలో హఠాత్తుగా" అని శీర్షిక పెడితే, హఠాత్తుగా జరిగింది 1962లోనని మీకు తెలుస్తుంది.

ఇలాంటి గుర్తులు ప్రతి దేశంలోనూ ఉంటాయి. జపాన్‌లో 1966 హినోఎఉమా సంవత్సరం. ఆ ఏడాది పుట్టే ఆడపిల్లల గురించి ఉన్న మూఢనమ్మకం వల్ల జననాలు 18.2 లక్షల నుంచి 13.6 లక్షలకు పడి, 1967లో 19.4 లక్షలకు లేచాయి. 2031లో జపాన్ 65 గీత దగ్గర ఆ గుంత కనబడుతుంది. రొమేనియా ప్రభుత్వం 1966లో గర్భస్రావాన్ని నిషేధిస్తూ డిక్రీ తెచ్చింది. 2.74 లక్షల జననాలు మరుసటి ఏడాదికి 5.28 లక్షలయ్యాయి. ఆ తరం 2027లో 60కి, 2032లో 65కి చేరుతుంది. యుద్ధాలు, యుద్ధానంతర జనన వెల్లువలు కూడా ఇలాగే ముద్ర వేస్తాయి.

దీనికో చిన్న పట్టిక చేసి పెట్టుకోండి. ఒక నిలువు వరుసలో సంవత్సరం, పక్కన ఆ ఏడాది నుంచి 65 తీసేసిన జన్మ సంవత్సరం, దాని పక్కన ఆ జన్మ సంవత్సరపు జననాలు. జననాల నిలువు వరుసలో ఎక్కడ 15 శాతానికి మించి ఎత్తుపల్లాలున్నాయో రంగు వేయండి. మీ గ్రాఫ్‌లోని వంపుల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరుకుతుంది. 1950కి ముందు పుట్టినవారికి ఐక్యరాజ్యసమితి జననాల లెక్క ఉండదు, అక్కడ 1950 వయసు పట్టికలోని చిన్న వయసుల గుంపులతో సరిపెట్టుకోవాలి.

కింది అంకె కదిలినప్పుడు

వాటా అంటే భాగహారం. పైన వృద్ధులు, కింద మొత్తం జనాభా. 2023 సెప్టెంబర్‌లో జపాన్ ప్రభుత్వం ఇచ్చిన లెక్కలో 65 దాటినవారి సంఖ్య 1950 తర్వాత మొదటిసారి తగ్గింది, పదివేల మేరకు. అయినా వాటా 29.1 శాతంతో అప్పటిదాకా ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. వృద్ధులు పెరగలేదు, మిగతావాళ్లు అంతకంటే వేగంగా తగ్గారు. దీన్ని పట్టుకోవడానికి 0-14, 15-64, 65 ప్లస్ మూడు గుంపుల సంఖ్యలనూ ఒక మూల సంవత్సరం 100గా పెట్టి గీయండి. ఏది లేస్తోందో, ఏది పడుతోందో వెంటనే తేలుతుంది.

వలస కూడా కింది అంకెనే ఎక్కువ కదిలిస్తుంది. యూఏఈ, ఖతర్‌లలో 65 దాటినవారు రెండు శాతం దరిదాపుల్లోనే ఉంటారు. అక్కడివాళ్లు ఎక్కువమంది పిల్లల్ని కన్నందువల్ల కాదు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి వెళ్లిన పాతికేళ్ల, ముప్పయ్యేళ్ల యువకులు అక్కడి లెక్కలో ఉంటారు, వయసు మళ్లేసరికి తిరిగి వచ్చి ఇక్కడి లెక్కలో చేరతారు. అక్కడి యవ్వనమూ ఇక్కడి పల్లెల వృద్ధాప్యమూ ఒకే మనుషులవి. అందుకని గల్ఫ్ దేశాలను జపాన్, ఇటలీల పక్కన పెట్టి "జనాభా విధానం"పై తీర్మానాలు చేయకండి. కేరళకూ, హైదరాబాద్‌కూ ఇదే వర్తిస్తుంది. ఒకచోట యువత వెళ్లిపోతే వాటా పెరుగుతుంది, ఇంకోచోట యువత వచ్చి చేరితే తగ్గుతుంది.

ఎంతమంది అన్నదీ వదలొద్దు. 2011లో మన 8.6 శాతం అంటే 10.38 కోట్ల మంది. జర్మనీ మొత్తం జనాభా కంటే ఎక్కువ. వాటా చిన్నదని ఏర్పాట్లు చిన్నవి కావు.

చెప్పిన వయసు, ఉన్న వయసు

జనన ధ్రువీకరణ లేని తరం తన వయసును 60, 65, 70 అని గుండు సంఖ్యల్లో చెబుతుంది. మన జనగణన వయసు పట్టిక గీస్తే 0, 5తో ముగిసే వయసుల దగ్గర శిఖరాలు లేస్తాయి. 63, 64 ఉన్నవారు కొందరు 65 అంటారు కాబట్టి 65 ప్లస్ కాస్త ఉబ్బుతుంది. జపాన్, స్వీడన్ పట్టికల్లో ఈ జబ్బు లేదు. అంటే జనగణన అంకెలను నేరుగా పోల్చితే తప్పు రెండు వైపులా సమానంగా ఉండదు.

కొలవడానికి విపుల్ సూచీ ఉంది. 23 నుంచి 62 దాకా వయసుల్లో 25, 30, 35 అలా 60 దాకా ఉన్న ఎనిమిది వయసుల జనాభా కూడి, 5తో గుణించి, 23-62 మొత్తంతో భాగించి, 100తో గుణించాలి. ఊహకు 23-62 మొత్తం 40 లక్షలు, ఆ ఎనిమిది వయసులవారు 12 లక్షలు అనుకుంటే సూచీ 150. గుండు సంఖ్యల మీద మోజు లేకపోతే 100, అందరూ గుండు సంఖ్యలే చెబితే 500. 105లోపు ఉంటే చాలా మంచి డేటా, 125 నుంచి 175 మధ్య నాసిరకం, 175 దాటితే ఒక్కో ఏడాది వయసును అసలు వాడొద్దు. ఈ సూచీ 62 దగ్గర ఆగిపోతుంది గనుక మనకు కావలసిన వయసులో విడిగా చూడాలి. 65 ఏళ్లవారి సంఖ్యను 63 నుంచి 67 దాకా సగటుతో భాగించండి. 1కి బాగా పైన వస్తే 65 దగ్గర కుప్ప పోసుకుందని అర్థం. అప్పుడు సర్దుబాటు చేసిన ఐక్యరాజ్యసమితి అంకెలే వాడి, ఆ మాట కింద రాయండి.

సరిహద్దులు మారిన చోట

ఐక్యరాజ్యసమితి 1950 నుంచీ నేటి సరిహద్దులకే లెక్క కట్టి ఇస్తుంది, జర్మనీ, పాత సోవియట్ దేశాలకు ఇబ్బంది లేదు. మనకు ఇబ్బంది ఇంట్లోనే ఉంది. 2011 జనగణనలో తెలంగాణ లేదు. పది జిల్లాలు కూడితే 3.52 కోట్లు వస్తుంది. కానీ 2014లో ఖమ్మం జిల్లా నుంచి కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, అవి తీస్తే 3.50 కోట్లు. పోలవరం ముంపు మండలాల సంగతి మరిచి కూడిన పట్టికలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. జిల్లా స్థాయికి వెళితే పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. పాత జిల్లా పేరుతో కొత్త జిల్లా అంకె పోల్చకండి, మండలాల నుంచి కట్టుకు రండి.

దేశాల పోలికలో భారత్‌ను ఒకే గీతగా వేయడం కూడా కొంత దాచేస్తుంది. 2020లో వెలువడిన జాతీయ జనాభా కమిషన్ సాంకేతిక బృందం అంచనాల ప్రకారం 2021కి 60 దాటినవారు కేరళలో 16.5 శాతం, తమిళనాడులో 13.6, ఆంధ్రప్రదేశ్‌లో 12.4, తెలంగాణలో 11.0, బిహార్‌లో 7.7. చైనా 2020 అంకె 18.7 పక్కన కేరళను పెట్టి చూడండి, ఆపైన బిహార్‌ను పెట్టి చూడండి. వీలైతే దక్షిణ రాష్ట్రం ఒకటి, ఉత్తర రాష్ట్రం ఒకటి మీ గ్రాఫ్‌లో చేర్చండి.

రాబోయే ఏళ్ల అంకెలు

2050లో 65 దాటబోయేవారంతా 1985 నాటికే పుట్టేశారు. వారి సంఖ్య మరణాలు, వలసల మీదే ఆధారపడుతుంది, ఇకపై పుట్టే పిల్లల మీద కాదు. కాబట్టి పై అంకె గట్టిది. కింది అంకెలో ఇంకా పుట్టనివాళ్లున్నారు, అది మెత్తనిది. ఐక్యరాజ్యసమితి ఎక్కువ, తక్కువ సంతాన అంచనాలు మధ్యస్థం నుంచి స్త్రీకి అర బిడ్డ అటూ ఇటూ పెట్టి చేసినవి. మూడింటినీ గీయండి. 2050 దాకా వృద్ధుల సంఖ్య మూడింటిలోనూ ఒకటే, వాటా మాత్రం విడిపోతుంది. 2100 అంకెను ఒక్క దశాంశంతో రాయడం నమ్మకాన్ని మోసం చేయడమే, పూర్ణాంకం చాలు.

భారత్ విషయంలో ఇంకో మాట. 2011 తర్వాత జనగణన జరగలేదు. 2023 దాకా "మదింపు" అని ఉన్నా అది నమూనా సర్వేల సాయంతో కట్టిన లెక్క. మీ గ్రాఫ్‌లో భారత్ గీతను 2011 నుంచే పలుచన చేయండి, 2024 నుంచి చుక్కల గీత చేయండి.

65 ఏళ్లంటే అందరికీ ఒకే ముసలితనమా

కాదు. అందుకే జనాభా పరిశోధకులు వారెన్ శాండర్సన్, సెర్గీ షెర్బోవ్ ఇంకో కొలత తెచ్చారు. సగటున ఇంకా 15 ఏళ్లు బతికే వయసును వృద్ధాప్య గీతగా తీసుకోవడం. జీవిత పట్టికలో ప్రతి వయసు పక్కన మిగిలిన ఆయుర్దాయం ఉంటుంది. అది 15కు పైన, కింద ఉన్న రెండు వయసులు పట్టుకుని మధ్య విలువ లెక్కించాలి, చైనా ఉదాహరణలో చేసిన భాగహారమే. జపాన్ మహిళల్లో ఈ వయసు 75 దాటుతుంది, భారత్‌లో 65కు దగ్గరలో ఉంటుంది. ఈ గీతతో చూస్తే జపాన్‌కూ మనకూ మధ్య దూరం చాలా తగ్గుతుంది. పింఛన్ ఖర్చు గురించి రాస్తే చట్టం చెప్పిన వయసు వాడండి, ఆరోగ్యం, సంరక్షణ గురించి రాస్తే ఈ కొలత వాడండి. రెండూ ఒకే పేరాలో కలపొద్దు.

గ్రాఫ్, కింద రాయాల్సినది

ఆరుకు మించి దేశాలు వేయకండి. నిలువు గీత సున్నా నుంచి మొదలవ్వాలి. గీతల చివర్లోనే దేశం పేరు రాయండి, పక్కన రంగుల పట్టిక పెడితే ఫోన్‌లో చదివేవారికి అందదు. రెండు నిలువు కొలతల గ్రాఫ్ వద్దు, కొలత సాగదీసి కావలసిన కథ చెప్పేయొచ్చు.

కింద చిన్న అక్షరాల్లో వయసు గీత, మూలం, సంచిక సంవత్సరం, ఏ అంచనా, ఏ తేదీ అన్నవి రాయండి. ఉదాహరణకు: 65 ఏళ్లు దాటినవారి వాటా, ఐక్యరాజ్యసమితి 2024 సంచిక, మధ్యస్థ అంచనా, జూలై 1 నాటికి. దించుకున్న అసలు ఫైలును మార్చకుండా విడిగా దాచండి, లెక్కలు దాని నకలులో చేయండి. కొత్త సంచిక వచ్చినప్పుడు భవిష్యత్తుతోపాటు 1950 నుంచి గతమంతా మారుతుంది, పాత సంచిక గతానికి కొత్త సంచిక భవిష్యత్తు అతికిస్తే అతుకు దగ్గర లేని మలుపు కనబడుతుంది. మన జనగణన 2027 మార్చి 1 నాటి లెక్కతో రాబోతోంది. దాని వయసు పట్టికలు వచ్చిన రోజున భారత్ వరుసలన్నీ తీసేసి కొత్తగా కట్టుకునేలా ఇప్పుడే షీటులో 2011 తర్వాతి భాగాన్ని విడిగా ఉంచండి.